హైస్కూలు అమ్మాయిలు, ఆటల పీరియడు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ సంచికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైస్కూలు చదువుతున్న ఆడపిల్లల ఆటల గురించే ఉన్నాయి. ఒకే తీరులో ఉన్న ప్రశ్నలను కలిపి ఏడు ఉత్తరాలను ఎంచుకున్నాం. రాసినవారి పేర్లు, వారి పిల్లలు చదివే బడుల పేర్లు ప్రచురించడం లేదు. నగరంలోని బాలికల ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందిన మా శీర్షిక నిర్వాహకురాలు సమాధానాలిస్తున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఏడో తరగతి వరకు బడి ఖోఖో జట్టులో ఆడింది. నిరుడు వేసవిలో పెద్దమనిషి అయింది. అప్పటి నుంచి ఆటల పీరియడులో ఏదో ఒక సాకు చెప్పి పక్కన కూర్చుంటోందని పీఈటీ సారు అంటున్నారు. అడిగితే ‘ఇష్టం లేదు’ అంటుంది తప్ప కారణం చెప్పదు. ఈమధ్య అలసట కూడా ఎక్కువగా కనిపిస్తోంది. బలవంతంగానైనా ఆడించమంటారా?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: బలవంతం వద్దండి. అలాగని ‘ఇష్టం లేదు’ అన్న మాటతో సరిపెట్టుకుని ఊరుకోవద్దు. ఏడో తరగతి వరకు జట్టులో ఆడిన పిల్లకు ఎనిమిదిలోకి రాగానే ఆట మీద ఇష్టం చచ్చిపోవడం నా ఉద్యోగ జీవితంలో చాలా అరుదుగా చూశాను. ఆడటానికి కావలసిన వసతులు ఏవో ఆమెకు తెలియకుండానే తగ్గిపోయి ఉంటాయి, వాటిని పెద్దవాళ్ల ముందు, అందులోనూ మగ ఉపాధ్యాయుడి ముందు, నోరు తెరిచి చెప్పడం ఆ వయసులో కష్టం. అందువల్ల అమ్మాయి మనసు మార్చే ప్రయత్నం తరువాత చేద్దాం, ముందు ఆమె చుట్టూ ఏం మారిందో చూద్దాం.

మొదట దుస్తులు. మన బడుల్లో చాలాచోట్ల ఏడో తరగతి వరకు స్కర్టు, ఎనిమిది నుంచి చుడీదారు, దాని మీద పిన్నులు పెట్టిన చున్నీ. ఖోఖోలో ‘ఖో’ అందగానే కూర్చున్నచోటి నుంచి ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాలి, వంగి అవతలి వారిని అందుకోవాలి, స్తంభం పట్టుకుని గిర్రున తిరగాలి, అవసరమైతే నేల మీదికి దూకాలి. చున్నీ జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఇవన్నీ చేయమనడం న్యాయం కాదు. ఆటల పీరియడు ఉన్న రోజు ట్రాక్ ప్యాంటు, కాస్త వదులైన టీషర్టు వేసుకుని రావడానికి అనుమతి ఇమ్మని ప్రధానోపాధ్యాయులకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి. మరో విషయం తల్లులు కూడా మొహమాటపడి దాటవేస్తారు గనుక సూటిగానే చెబుతున్నాను: ఎదిగే వయసులో సరైన ఆధారం లేకుండా పరుగెత్తితే రొమ్ముల్లో నొప్పి వస్తుంది, ఎవరైనా చూస్తున్నారేమో అన్న జంకు దానికి తోడవుతుంది. కొలత సరిపోయే స్పోర్ట్స్ బ్రాలు రెండు కొని ఇవ్వండి. బూట్లకు పెట్టే ఖర్చును ఆలోచించకుండా పెట్టే ఇళ్లలో కూడా దీన్ని అనవసరమైన వస్తువుగా చూడటం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆటల రోజున తెల్ల యూనిఫాం వేసుకు రమ్మనే బడి అయితే ఇంకో చిక్కు ఉంది. నెలసరి ఎప్పుడొస్తుందో ఇంకా లెక్క తెలియని పిల్లకు తెల్ల ప్యాంటు వేసుకుని మైదానంలోకి దిగడం కంటే కడుపునొప్పి అని చెప్పి కూర్చోవడమే క్షేమమనిపిస్తుంది. తెలుపు విషయంలో అత్యంత పట్టుదల గల వింబుల్డన్ వారే 2023 నుంచి మహిళా క్రీడాకారులు స్కర్టు కింద ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని నియమం సడలించారు. మన బడులు ఆ మాత్రం సడలింపు ఇవ్వడానికి ఏ అంతర్జాతీయ సంఘం అనుమతీ అక్కర్లేదు. దీనితోపాటు మైదానానికి దగ్గరలో గడియపడే మరుగుదొడ్డి, అందులో నీళ్లు, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న బుట్ట ఉన్నాయో లేదో మీరే ఒకసారి బడికి వెళ్లి చూసి రండి. ఫోనులో అడిగితే అన్నీ ఉన్నాయనే చెబుతారు.

ఇక ఇంటి సంగతి. పెద్దమనిషి అయిన సందర్భంగా చేసిన వేడుకకు వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు ‘ఇక గంతులు మానేయమ్మా’ అని అనే ఉంటారు. ఆ మాట అన్నవారు మరునాడే మరిచిపోతారు, విన్న పిల్ల మరిచిపోదు. నెలసరి రోజుల్లో ఆడకూడదనడానికి వైద్యపరంగా కారణమేదీ లేదు. వ్యాయామం అలవాటున్న అమ్మాయిల్లో చాలామందికి ఆ రోజుల కడుపునొప్పి తగ్గుతుంది కూడా. మొదటి రోజు నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి తీసుకోనివ్వండి, కాని ఆ నిర్ణయం ఆమెది కావాలి. బడిలో కూడా ఆమె కారణం వివరించే పని లేకుండా ఒక ఉపాధ్యాయురాలికి మాటమాత్రం చెబితే ఆ రోజుకు మినహాయింపు దొరికే ఏర్పాటు ఉంటే, లేని నొప్పులు చెప్పే అవసరం పిల్లలకు రాదు.

అలసట విషయాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తం తక్కువగా ఉన్న పిల్ల నాలుగు అడుగులు పరుగెత్తగానే ఆయాసపడుతుంది, నిరుడు తన వెనక ఉన్నవారు ఇప్పుడు తనను దాటిపోతుంటే చిన్నబుచ్చుకుని తప్పుకుంటుంది, మనం దాన్ని బద్ధకం అంటాం. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రను భోజనం తరువాత వేసుకోవాలి, టీతో మాత్రం వేసుకోకూడదు. ప్రైవేటు బడి అయితే వైద్యుల సలహా మీద మీరే ఇప్పించాలి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పనివ్వకండి. తోటకూర, మునగాకు, పప్పు పెట్టిన రోజు పక్కన నిమ్మకాయ బద్ద ఉంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ మార్చవలసి వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యురాలికి చూపించండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆమె ఖోఖో వద్దు, బ్యాడ్మింటన్ ఆడతానంటే ఆడనివ్వండి. జట్టులో స్నేహితురాళ్లు మారిపోయి ఉండవచ్చు. ‘ఎందుకు ఆడటం లేదు’ అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన దానికంటే ట్రాక్ ప్యాంటు కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు దారిలో ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడి వాలీబాల్ జట్టులో ఉంది. దసరా సెలవుల తరువాత ఆటలు ఆపించి, ఆ గంటలో ఐఐటీ ఫౌండేషన్ తరగతికి పంపమని యాజమాన్యం చెబుతోంది. వచ్చే ఏడు పది పరీక్షలు. వాలీబాల్‌లో ఆమెకు పెద్ద భవిష్యత్తు ఉందని నేను కూడా అనుకోవడం లేదు. అలాంటప్పుడు కొనసాగించడం సమంజసమేనా?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

సమాధానం: సమంజసమే. పతకాలు తెచ్చినవారి పేర్లు చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే గనుక ఆ పోలిక మీకు నచ్చవచ్చు, కాని రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చిన అమ్మాయిని ఉదాహరణగా చూపితే ‘మా పిల్ల అంతటిది కాదు కదా’ అన్న జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది, ఆ జవాబు సబబుగానే ఉంటుంది కూడా. ఆటలో భవిష్యత్తు ఉంటేనే ఆడాలన్న షరతు దగ్గరే నా అభ్యంతరం. మన నగరంలో పెరిగిన మిథాలీ రాజ్‌ను చిన్నప్పుడు తండ్రి క్రికెట్ శిక్షణకు తీసుకువెళ్లింది పొద్దున్నే లేచే అలవాటు కావాలని. ఆమె తరువాత వన్డేల్లో 7,805 పరుగులు చేయడం వేరే కథ. అన్ని పరుగులు చేయకపోయినా ఆ తండ్రి అనుకున్న పని జరిగే ఉండేది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే సంస్థ 2019లో వెలువరించిన అధ్యయనంలో, ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ల బడి పిల్లల్లో ఆ మాత్రం శ్రమ లేనివారు అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం అని తేలింది. ఎముకల సంగతి చూస్తే, జీవితంలో గరిష్ఠంగా చేరుకునే ఎముక బలంలో దాదాపు 90 శాతం ఆడపిల్లల్లో 18 ఏళ్లు నిండేనాటికే సమకూరుతుంది. ఎగరడం, దూకడం, పరుగెత్తడం ఆ బలాన్ని పెంచుతాయి. వాలీబాల్‌లో ఉన్నవి ఇవే గదా. యాభై దాటాక కాల్షియం మాత్రలతో మనం చేసే ప్రయత్నం కంటే పద్నాలుగేళ్ల వయసులో నెట్ దగ్గర ఆమె ఎగిరే ఎగురుళ్లకు విలువ ఎక్కువ.

మీ అమ్మాయిది సీబీఎస్ఈ బడి అయితే, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజూ ఒక ఆరోగ్య, వ్యాయామ విద్య పీరియడు తప్పనిసరి అని ఆ బోర్డు 2018లోనే ఆదేశించిందని యాజమాన్యానికి మర్యాదగా గుర్తు చేయండి. రాష్ట్ర బోర్డు బడి అయితే మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి వెళ్లి మాట్లాడండి. ఒక్కరు అడిగితే అది ఫిర్యాదుగా, నలుగురు అడిగితే అది విన్నపంగా వినిపించడం మన బడుల్లో మామూలే. ఫౌండేషన్ తరగతి నిజంగా అవసరమనుకుంటే దానికి వేరే గంట వెతకండి. రాత్రి ఫోను చూసే సమయం ఎంతో ఒక వారం పాటు రాసిపెట్టమంటే ఆ గంట ఎక్కడుందో ఆమెకే కనిపిస్తుంది. నిద్రలో మాత్రం కోత పెట్టవద్దు. ఈ వయసుకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు.

పదో తరగతికి వచ్చాక జనవరి నుంచి పరీక్షలయ్యే దాకా సాధనను వారానికి మూడు సాయంత్రాలకు కుదించుకుంటే చాలు, పూర్తిగా ఆపడం అక్కర్లేదు. ఒకవేళ జోనల్, జిల్లా దశలు దాటి అండర్-17 రాష్ట్ర పోటీలకు ఎంపికైతే కొన్ని రోజుల పాఠాలు తప్పకుండా పోతాయి. ఆ నష్టం లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వెళ్లాలా వద్దా అన్నది అమ్మాయితో కూర్చుని తేల్చుకోండి, పోయిన యూనిట్ టెస్టును తరువాత రాయించమని ముందే బడిలో అడిగి పెట్టుకోండి. సాధనకు ముందు పది నిమిషాలు సన్నాహక వ్యాయామాలు, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి లోపలికి ముడుచుకోకుండా దిగడం నేర్పుతున్నారో లేదో కూడా చూడండి. ఈ వయసు అమ్మాయిల్లో మోకాలి లిగమెంటు గాయాల ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ.

(హకీంపేట క్రీడా పాఠశాలలో చేర్చవచ్చా అని అడిగిన మరికొందరికి: అక్కడ ప్రవేశాలు నాలుగో తరగతిలో జరుగుతాయి. హైస్కూలుకు వచ్చిన పిల్లల విషయంలో ఆ ఆలోచన ఆలస్యమైనట్టే.)

ప్రశ్న: నా మనవరాలు ఎండలో పడి ఆడి నల్లబడిపోతోంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అవుతుందని నా భయం. కోడలు వినడం లేదు. మీరైనా చెప్పండి.
— ఒక నాయనమ్మ, నల్లకుంట

సమాధానం: అమ్మా, ఈ విషయంలో నేను మీ కోడలి పక్షమే. ఎండకు కమిలిన రంగు సెలవుల్లో నెల రోజులు నీడపట్టున ఉంటే మళ్లీ వస్తుంది. రాకపోయినా నష్టమేమీ లేదు. ఆడిన ఒళ్లు చూసి వెనక్కి తగ్గే సంబంధమైతే అది తప్పిపోవడమే మీ మనవరాలికి మేలు. ఎండ గురించి మీ భయంలో సబబైన సగం ఒకటుంది, అది ఆరోగ్యానికి సంబంధించినది. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక ఆ రోజుల్లో ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే ఆడాలి, సీసా నిండా నీళ్లు వెంట ఉండాలి, తల మీద టోపీ ఉండాలి. మీరు ఇంటి నుంచి మజ్జిగలో ఉప్పు వేసి పంపిస్తే అది ఆ పిల్లకు చాలా ఉపకారం చేస్తుంది.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు హైస్కూలులో లెక్కల ఉపాధ్యాయురాలిని. మా బడికి ఉన్న మైదానం చిన్నది. ఆటల పీరియడు రాగానే అబ్బాయిలు క్రికెట్ మొదలుపెడతారు, మైదానం మొత్తం వారిదే అవుతుంది. అమ్మాయిలు గోడ వెంట నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. వారికి ఆసక్తి లేదని మా పీఈటీ సారు అంటారు. నేనేమైనా చేయగలనా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఉప్పల్

సమాధానం: చేయగలరు, మీరు లెక్కల టీచరు కావడం ఇంకా మంచిది. ఒక వారం పాటు ప్రతి ఆటల పీరియడులో మైదానంలో ఎంత భాగాన్ని ఎవరు ఎన్ని నిమిషాలు వాడుతున్నారో గ్రాఫ్ కాగితం మీద గుర్తించమని తొమ్మిదో తరగతి పిల్లలకే అప్పగించండి. ఆ కాగితాన్ని తీసుకువెళ్లి ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెడితే ఆసక్తి గురించిన చర్చ అక్కడితో ముగుస్తుంది. పదకొండు మంది క్రికెట్ బంతి విసురుకుంటున్న చోట పక్కన నిలబడి ఆడటానికి ఎవరికీ ఆసక్తి పుట్టదు, తలకు బంతి తగులుతుందన్న భయం తప్ప.

మైదానం చిన్నదైనప్పుడు వంతులు తప్ప మార్గం లేదు. వారంలో సగం రోజులు మైదానం మొత్తం అమ్మాయిలకు ఇచ్చి, ఆ రోజుల్లో అబ్బాయిలను అంచులకు పంపాలి. మొదటి రెండు వారాలు అబ్బాయిలు గొడవ చేస్తారు, ఆ గొడవకు భయపడి చాలా బడులు ఈ పని మధ్యలోనే వదిలేస్తాయి. బంతులు, రింగులు ఉన్న గది తాళం ఎవరి దగ్గరుందో కూడా చూడండి. అది అబ్బాయిల జట్టు కెప్టెన్ జేబులో ఉండటం నేను ఎన్నో బడుల్లో చూశాను. అమ్మాయిల్లో ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించండి. చోటు తక్కువ పట్టే ఆటలు మనకు చాలా ఉన్నాయి: టెన్నికాయిట్‌కు ఒక తాడు, ఒక రబ్బరు రింగు చాలు; త్రోబాల్‌కు నెట్ ఒక్కటి కట్టుకుంటే రెండు వైపులా కలిపి పద్నాలుగు మంది ఆడతారు; కబడ్డీకి అంతకంటే తక్కువ చోటు సరిపోతుంది.

పోటీలు పెట్టేటప్పుడు బాగా ఆడే పది మందిని ఏరి జట్టు చేయడం మానేసి, తరగతి మొత్తం ఆడితేనే పాయింట్లు లెక్కించే పద్ధతి పెట్టి చూడండి. వీలైతే మీరు, మరో ఇద్దరు ఉపాధ్యాయురాళ్లు చీర కొంగు నడుముకు దోపుకుని పిల్లలతో పాటు రింగు విసరండి. మీకు రాకపోయినా ఫర్వాలేదు, మీరు పడేసిన రింగును చూసి నవ్వుకుంటూనే నలుగురు పిల్లలు వచ్చి చేరతారు.

మాట వచ్చింది గనుక చెబుతున్నాను: మన బడుల వార్షిక క్రీడోత్సవాల్లో ఆడపిల్లలకు అప్పగించే పని ఏమిటో ఎప్పుడైనా గమనించారా? ముగ్గులు వేయడం, ముఖ్య అతిథికి బొట్టు పెట్టడం, పళ్లెంలో పతకాలు పట్టుకుని నిలబడటం. ఆ పతకాలు ఎక్కువ భాగం అబ్బాయిల మెడల్లోకి వెళ్తాయి. ఈసారి పళ్లేలు అబ్బాయిల చేతికిచ్చి చూడమని మీ ప్రధానోపాధ్యాయులకు నా మాటగా చెప్పండి.

మీరు చిన్నదైనా మైదానం ఉందన్నారు. అసలు మైదానమే లేక అపార్ట్‌మెంటులాంటి భవనంలో నడిచే బడుల నుంచి కూడా ఇద్దరు రాశారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని స్పష్టంగా ఉంది. ఆ హక్కు కోసం అడుగుతూనే, దగ్గరలోని మున్సిపల్ ఆటస్థలాన్ని వారానికి రెండు రోజులు ఉదయపు వేళ వాడుకోవడానికి బడి తరఫున దరఖాస్తు చేయించండి. పొద్దున తొమ్మిది దాటాక చాలా ఆటస్థలాలు ఖాళీగానే ఉంటాయి. వేసవిలో నగరపాలక సంస్థ నామమాత్రపు రుసుముతో నడిపే శిక్షణ శిబిరాలు, సరూర్‌నగర్, యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియాలు, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ కూడా తల్లిదండ్రుల దృష్టిలో ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడాలని ఆశపడుతోంది. హిజాబ్, పొడవు చేతుల దుస్తులు లేకుండా పంపడం మాకు కుదరదు. అలా అయితే నిబంధనలు ఒప్పుకోవని ఎవరో చెప్పారట, పిల్ల దిగులుగా ఉంది.
— ఒక తండ్రి, సంతోష్‌నగర్

సమాధానం: ఆ చెప్పినవారి సమాచారం పాతది. ఫుట్‌బాల్‌లో ఫిఫా 2014లో, బాస్కెట్‌బాల్‌లో ఫిబా 2017లో తలను కప్పుకునే వస్త్రాన్ని అనుమతించాయి. కాబట్టి అంతర్జాతీయ నిబంధన అడ్డు కాదు. బడి పోటీలకు వెళ్లేటప్పుడు మాత్రం నిర్వాహకుల నుంచి ముందే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోమని పీఈటీకి చెప్పండి. ఆట మొదలయ్యే ముందు కోర్టు పక్కన వాదన పెట్టుకుంటే పిల్ల మనసు పాడవుతుంది. పిన్నులతో కట్టుకునేది ఆటలో ప్రమాదం. తలకు అతుక్కుని ఉండే, సాగే గుడ్డతో కుట్టిన స్పోర్ట్స్ హిజాబ్ వాడండి. జెర్సీ లోపల పొడవు చేతుల బనియను, ట్రాక్ ప్యాంటు వేసుకుంటే సరిపోతుంది, గుడ్డ పలుచనిదై చెమట పీల్చేదిగా ఉండాలి. నిజామాబాద్ నుంచి వచ్చి 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ను రింగు దాకా నడిపించింది ఆమె తండ్రి. మీరు దుస్తుల సంగతి కనుక్కోవడానికి ఉత్తరం రాశారంటేనే ఆ దారిలో ఒక అడుగు వేసినట్టు.

ప్రశ్న: మా అమ్మాయిని కబడ్డీ పోటీల కోసం వేరే జిల్లాకు తీసుకువెళ్తామంటున్నారు. కోచ్ మగవారు. ఆయన మీద నాకు అనుమానమేమీ లేదు, కాని ధైర్యం చాలడం లేదు. పంపకుండా ఉండటమే మంచిదా?
— ఒక తల్లి, అల్వాల్

సమాధానం: పంపండి, కాని అడగవలసినవన్నీ అడిగి పంపండి. వెంట వెళ్లే ఉపాధ్యాయురాలు ఎవరు? అమ్మాయిల జట్టు వెంట ఒక మహిళ లేకపోతే ప్రయాణానికి ఒప్పుకోవద్దు, ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు. బస ఎక్కడ, ఒక గదిలో ఎంతమంది, లోపలి నుంచి గడియ ఉందా, రాత్రి ఫోన్లు ఎవరి దగ్గర ఉంటాయి? కోచ్ పంపే సందేశాలన్నీ తల్లిదండ్రులు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులోనే రావాలి, ఏ అమ్మాయికీ విడిగా రాకూడదు. గాయాలకు మర్దన చేయవలసి వస్తే మహిళ సమక్షంలో, తలుపు తెరిచి ఉంచి చేయాలి. మంచి కోచ్ ఎవరూ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే అది మీకు పనికివచ్చే సమాచారమే.

అమ్మాయితో కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బంది కలిగిస్తే ఇంట్లో చెప్పమని అందరం చెబుతాం. చెబితే మొదట జరిగేది తన ఆట మాన్పించడమే అని పిల్లలకు బాగా తెలుసు, అందుకే దాచిపెడతారు. ‘నువ్వు చెబితే ఆ మనిషిని ఆపుతాను, నీ ఆటను ఆపను’ అని మీరు ముందే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో, లైంగిక నేరాల నుంచి వారిని కాపాడేందుకు చేసిన 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. అలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టమే అంటోంది, బడి వారు ‘లోపలే సర్దుకుందాం’ అనడానికి అందులో వీలు లేదు. పిల్లల సహాయ నంబరు 1098 పగలూ రాత్రీ పనిచేస్తుంది. మహిళల భద్రత కోసం నగర పోలీసు శాఖలో 2014 నుంచి ఉన్న షీ టీమ్స్‌ను కూడా సంప్రదించవచ్చు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నాకు ఏ ఆటా రాదు. జట్లు వేసేటప్పుడు ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ పిలుచుకుంటారు, చివరికి మిగిలేది నేనే. లావుగా ఉంటానని నవ్వుతారు. చదువులో బాగానే ఉన్నాను. నేను ఆడకపోతే ఏమవుతుంది?
— ఒక విద్యార్థిని, సనత్‌నగర్

సమాధానం: తల్లీ, జట్లు అలా వేయించడం మీ పీఈటీ చేస్తున్న పొరపాటు, నీ లోపం కాదు. అందరినీ వరుసలో నిలబెట్టి ఒకటి, రెండు అని అంకెలు చెప్పిస్తే అర నిమిషంలో రెండు జట్లవుతాయి, ఎవరూ మిగలరు. ఈ సమాధానాన్ని ఆయనకు చూపించు. అడగడానికి జంకుగా ఉంటే మీ క్లాస్ టీచరుతో చెప్పించు.

నీకు ఏ ఆటా రాదనడానికి నువ్వు ఎన్ని ఆటలు నిజంగా నేర్చుకుని చూశావు? బడిలో నేర్పడం తక్కువ, అప్పటికే వచ్చినవారిని ఏరుకోవడం ఎక్కువ. ఒక్క స్నేహితురాలిని వెంటబెట్టుకుని టెన్నికాయిట్ రింగుతో మొదలుపెట్టు. రెండు వైపులా ఇద్దరే ఉంటారు గనుక నవ్వేవారు ఉండరు. మీ ఇంటి డాబా మీద స్కిప్పింగ్ తాడు ఉంటే మొదట పది నిమిషాలు, అలవాటైన కొద్దీ ఇరవై, ముప్పై నిమిషాలు చేయి. బతుకమ్మ రోజుల్లో గంటసేపు చప్పట్లు కొడుతూ తిరగగలిగిన దానివే అయితే నీ కాళ్లలో సత్తువ లేదని నువ్వు అనుకోవడం తప్పు. బలమైన భుజాలు, బరువైన ఒళ్లు ఉన్న అమ్మాయి కోసం షాట్‌పుట్, డిస్కస్ శిక్షకులు వెతుక్కుంటూ ఉంటారన్న సంగతి కూడా తెలుసుకో. అది నీకు నచ్చితేనే సుమా, లావుగా ఉన్నావు గనుక అదే చేయాలని కాదు.

సన్నబడాలని మాత్రం తిండి మానేయకు. ఈ వయసులో తినకుండా శ్రమ చేస్తే నీరసం వస్తుంది, నెలసరి తప్పుతుంది. మూడు నెలలు వరుసగా తప్పితే అమ్మకు చెప్పి వైద్యురాలి దగ్గరికి వెళ్లాలి. మొదటి పక్షం రోజులు ఆయాసం, కాళ్ల నొప్పులు ఉంటాయి, ఆ తరువాత తగ్గుతాయి. రెండు నెలలు చేసి నాకు మళ్లీ ఉత్తరం రాయి. నీ పేరు, బడి పేరు అక్కర్లేదు, ఏ ఆట ఆడుతున్నావో రాస్తే చాలు.